ఒకే ఇంట్లో రెండు జట్లు: నాపోలికి పండగ, బారికి 94వ నిమిషం

ఫుట్‌బాల్ అంటే మనలో చాలామందికి మెస్సీ, రొనాల్డో, శని ఆదివారాల్లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్. ఇటలీ లీగ్ పేరెత్తితే చాలు, ‘అక్కడ గోల్స్ ఎక్కడ పడతాయి భయ్యా, అంతా డిఫెన్సే కదా’ అని తీసిపారేస్తారు. సరే, ఆ గొడవ తర్వాత చూసుకుందాం. ముందు 2022-23 సీజన్ కథ ఒకటి వినండి. ఇందులో సినిమాలు తీసే ఓ నిర్మాత ఉన్నాడు. ఆయన చేతిలో ఒక జట్టు, కొడుకు చేతిలో ఇంకో జట్టు. రెండూ ఇటలీ దక్షిణాదివే. రెండూ ఒకప్పుడు దివాలా తీసినవే. ఆ ఏడు వేసవిలో మొదటి జట్టు ఊరంతా వారాల తరబడి రోడ్ల మీదే పండగ చేసుకుంది. రెండో జట్టు ఊరు 38 రోజుల తర్వాత ఒకే ఒక్క నిమిషంలో మూగబోయింది.

మొదటిది నాపోలి. రెండోది బారి.

కథలోకి వెళ్లేముందు లీగ్ లెక్క ఒకటి తెలియాలి. మన ఐపీఎల్‌లో చివరి స్థానంలో నిలిచిన జట్టుకి పోయేదేముంది? పరువు. మళ్లీ ఏడాది అదే జట్టు, అదే లీగ్. ఇటలీలో అలా కుదరదు. పైన సెరీ-ఎ, 20 జట్లు. దాని కింద సెరీ-బి, 20. ఇంకా కింద సెరీ-సి, మూడు గ్రూపుల్లో 60. మొత్తం వంద ప్రొఫెషనల్ జట్లు. పై మెట్టు మీద చివరి ముగ్గురు కిందికి జారతారు, కింది మెట్టు నుంచి ముగ్గురు పైకెక్కుతారు. కిందికి జారడమంటే టీవీ హక్కుల డబ్బు ఒక్కసారిగా పడిపోవడం, మంచి ఆటగాళ్లని అమ్ముకోవడం, ఒక్కోసారి క్లబ్బే మూతపడటం. అందుకే అక్కడ టేబుల్ అడుగున జరిగే మ్యాచ్‌కి కూడా ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

వెసూవియస్ పేరుతో వెక్కిరింత

ఊరి పేరు మన పుస్తకాల్లో నేపుల్స్. వాళ్ల నోట్లో నాపోలి. జట్టు పేరూ అదే. పక్కనే వెసూవియస్ అగ్నిపర్వతం. ఉత్తరాది స్టేడియాలకి నాపోలి ఆడటానికి వెళ్తే అక్కడి జనం పాడే పాట ఒకటుంది. ‘వెసూవియస్, వీళ్లని నీ నిప్పుతో కడిగెయ్’ అని దాని సారాంశం. సరదాకి అనుకుంటున్నారేమో, కాదు. ఈ పాటకి ఎన్నోసార్లు జరిమానాలు పడ్డాయి, స్టాండ్‌లు మూసేశారు. అయినా ఆగలేదు.

దీని వెనకాల పెద్ద చరిత్రే ఉంది. ఫ్యాక్టరీలు, బ్యాంకులు, ఉద్యోగాలు ఉత్తరాన. పేదరికం, వలసలు దక్షిణాన. 1950, 60ల్లో దక్షిణాది కుర్రాళ్లు లక్షల్లో రైలెక్కి ట్యూరిన్, మిలన్ వెళ్లారు. ట్యూరిన్‌లో ఫియట్ కార్ల ఫ్యాక్టరీ. ఫియట్ యజమానులు అన్యెల్లీ కుటుంబం. యువెంటస్ జట్టు కూడా వాళ్లదే. పని కోసం వెళ్లినవాళ్లు యజమాని జట్టుకే అభిమానులయ్యారు. అందుకే ఇప్పటికీ దక్షిణాది ఊళ్లల్లో యువెంటస్ జెండాలు బోలెడు కనిపిస్తాయి. నేపుల్స్‌లో మాత్రం ఆ పప్పులు ఉడకవు. అంత పెద్ద నగరానికి ఒకే పెద్ద జట్టు, దాని మీదే ఊరందరి ప్రాణం.

2001లో రోమా గెలిచాక మరుసటి సీజన్ నుంచి 21 ఏళ్లపాటు టైటిల్ ట్యూరిన్, మిలన్ పొలిమేర దాటలేదు. యువెంటస్, ఇంటర్, ఏసీ మిలన్, ఈ మూడే తిప్పి తిప్పి పంచుకున్నాయి. రోమ్‌కి దిగువన ఉన్న ఊళ్ల సంగతి చూస్తే, లీగ్ చరిత్ర మొత్తంలో అప్పటికి గెలిచినవి రెండే. 1970లో సార్డీనియా దీవి జట్టు కలియారి. 1987, 1990ల్లో నాపోలి. ఆ రెండుసార్లూ జట్టులో ఒక అర్జెంటీనా పొట్టివాడున్నాడు. పేరు చెప్పక్కర్లేదనుకుంటా. మొదటిసారి గెలిచినప్పుడు శ్మశానం గోడ మీద ఎవరో రాశారట, ‘మీరేం పోగొట్టుకున్నారో మీకు తెలీదు’ అని. లోపల పడుకున్నవాళ్లకన్నమాట ఆ మాట! మరడోనా పోయిన కొన్నాళ్లకే, 2020 డిసెంబర్‌లో, స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

మరడోనా వెళ్లిపోయాక నాపోలి మెట్టు మెట్టుగా జారి 2004లో దివాలా తీసింది. అప్పుడొచ్చాడు సినిమా నిర్మాత అవురేలియో దె లారెంటిస్. ఆయన తీసుకున్నది మూడో మెట్టు మీద ఉన్న జట్టుని. మూడేళ్లలో దాన్ని మళ్లీ సెరీ-ఎకి తెచ్చాడు. తర్వాత రెండో స్థానం దాకా చాలాసార్లు వచ్చారు. టైటిల్ మాత్రం చిక్కలేదు.

అందరినీ అమ్మేసిన వేసవి

2022 వేసవిలో నేపుల్స్ వాళ్లు ఓనర్ మీద మండిపడుతున్నారు. మండరా మరి! జట్టు గోడ లాంటి డిఫెండర్ కులిబాలిని చెల్సీకి అమ్మేశాడు. ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన కెప్టెన్ ఇన్సీన్యె కాంట్రాక్ట్ అయిపోయి టొరంటో వెళ్లిపోయాడు. క్లబ్ చరిత్రలో అందరికంటే ఎక్కువగా 148 గోల్స్ కొట్టిన మెర్టెన్స్‌నీ ఉంచుకోలేదు. బెల్జియం వాడైనా నేపుల్స్ జనం ‘చీరో’ అని తమ ఊరి పేరుతో పిలుచుకున్న మనిషి. మిడ్‌ఫీల్డర్ ఫాబియాన్ రూయిజ్ పారిస్ వెళ్లాడు. గోల్‌కీపర్ ఒస్పినా సౌదీకి.

ఇక కోచ్ లుచానో స్పలెట్టి పరిస్థితి. అంతకుముందు ఏడు నేపుల్స్‌లో ఆయన ఫియట్ పాండా కారు దొంగతనానికి గురైంది. సీజన్ చివర్లో జట్టు తడబడగానే అభిమానులు బ్యానర్ కట్టారు. నువ్వు ఊరొదిలి వెళ్లిపోతానంటే నీ పాండా నీకు తిరిగిచ్చేస్తాం అని! నేపుల్స్ వెటకారం గోదారోళ్ల వెటకారానికి ఎక్కడా తీసిపోదని నాకు ఆ రోజే అర్థమైంది.

పోయినవాళ్ల స్థానంలో వచ్చింది ఎవరు? జార్జియా దేశం నుంచి క్వారత్‌స్ఖేలియా అనే 21 ఏళ్ల కుర్రాడు. పేరు పలకడానికే మ్యాచ్ అంత టైమ్ పడుతుంది కాబట్టి ఇక నుంచి క్వారా అందాం. అంతకుముందు రష్యాలో కజాన్ జట్టుకి ఆడేవాడు. ఉక్రెయిన్ యుద్ధం మొదలవడంతో ఆ ఒప్పందం నుంచి బయటపడి సొంత దేశంలో బటూమి జట్టుకి వెళ్లాడు. అక్కణ్నుంచి నాపోలి దాదాపు కోటి యూరోలకి తెచ్చుకుంది. పెద్ద క్లబ్బుల లెక్కల్లో అది చిల్లరే. కులిబాలి ప్లేస్‌లో టర్కీ నుంచి కొరియా డిఫెండర్ కిమ్ మిన్-జే. ‘ఎవరు బాబూ వీళ్లంతా’ అని అభిమానులు నోరెళ్లబెట్టారు.

నేను రోజూ కోడ్ రాసుకునే మనిషిని. పాత సిస్టమ్ నడుస్తుండగానే దాని గుండెకాయ లాంటి మాడ్యూల్స్ పీకేసి కొత్తవి పెట్టమంటే ఎవరికైనా చెమటలు పడతాయి. నాపోలి చేసింది అదే. తేడా ఏంటంటే, వాళ్ల స్పోర్టింగ్ డైరెక్టర్ జుంతోలి టీమ్ ఎవరూ చూడని లీగుల్లో నెలల తరబడి వెతికి, ఏ ఖాళీకి ఎవరు అతుకుతారో ముందే చూసిపెట్టుకుంది. జీతాల బిల్లు తగ్గింది, జట్టు వయసూ తగ్గింది. ఈ రెండూ తగ్గి ఆట పెరగడం చాలా అరుదు.

ఆపడం ఎవరి తరం కాలేదు

ఆగస్టు 15న వెరోనాలో మొదటి మ్యాచ్, 5-2. క్వారా తొలి మ్యాచ్‌లోనే గోల్. ఎడమ పక్కన బంతి తీసుకుని, ఇద్దరు ముగ్గుర్ని నిలబెట్టి మరీ దాటుకుంటూ పోయేవాడు. నెల తిరక్కుండానే ఊళ్లో వాడి పేరు ‘క్వారడోనా’ అయిపోయింది. ఆ ఊళ్లో ఒకరిని ఆ పేరుకి దగ్గరగా పిలవడమంటే మాటలు కాదు. సెప్టెంబర్‌లో చాంపియన్స్ లీగ్‌లో లివర్‌పూల్‌ని 4-1తో, అక్టోబర్‌లో అయాక్స్‌ని వాళ్ల ఇంట్లోనే 6-1తో చితక్కొట్టారు.

ఆ సీజన్‌కి ఇంకో విచిత్రం ఉంది. ఖతర్ ప్రపంచకప్ కోసం నవంబర్ మధ్యలో లీగ్ ఆపేశారు. ఇటలీ ఆ కప్పుకి క్వాలిఫై కూడా కాలేదు పాపం. సొంతగడ్డ మీద నార్త్ మాసిడోనియా చేతిలో ఓడి ఇంట్లో కూర్చుంది. బ్రేక్ పడేసరికి నాపోలి 15 మ్యాచ్‌ల్లో 41 పాయింట్లతో ఒక్కటీ ఓడకుండా నిలబడింది. రెండో స్థానంలో ఉన్న మిలన్‌కి 8 పాయింట్ల దూరం. ‘ఇంత గ్యాప్ తర్వాత ఊపు పోతుంది చూడు’ అన్నారు అందరూ. అన్నట్టే జనవరి 4న ఇంటర్ చేతిలో తొలి ఓటమి. చూశావా, చెప్పానా అన్న గుసగుసలు మొదలు.

సరిగ్గా తొమ్మిది రోజులకి యువెంటస్ నేపుల్స్ వచ్చింది. వరసగా 8 లీగ్ మ్యాచ్‌లు గెలిచి, వాటిలో ఒక్క గోల్ కూడా ఇవ్వని యువెంటస్ అది. గెలిస్తే తేడా 4 పాయింట్లే. స్కోర్ 5-1. నాపోలి కొట్టినవి అయిదు! సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ చూసే తీరిక మీకుంటే ఇదే చూడండి. ముఖానికి నల్ల మాస్కు పెట్టుకుని ఆడే నైజీరియా స్ట్రైకర్ ఒసిమెన్ రెండు కొట్టాడు. 2021 నవంబర్‌లో ముఖం ఎముకలు విరిగిన దగ్గర్నుంచీ ఆ మాస్కు వదల్లేదు. సీజన్ ముగిసేసరికి వాడివి 26 గోల్స్. సెరీ-ఎలో టాప్ స్కోరర్‌గా నిలిచిన మొదటి ఆఫ్రికా ఆటగాడు ఒసిమెనే.

ఆ తర్వాత వారానికే యువెంటస్‌కి ఇంకో దెబ్బ. ఈసారి మైదానంలో కాదు, ట్రిబ్యునల్‌లో. ఆటగాళ్ల అమ్మకాల్లో లాభాలు ఎక్కువ చేసి చూపించారన్న కేసులో జనవరి 20న 15 పాయింట్లు కోసేశారు. 37 కాస్తా 22. మూడో స్థానం కాస్తా పదో స్థానం. ఏప్రిల్‌లో పైకోర్టు లాంటి క్రీడా సంస్థ ఆ 15 వెనక్కిచ్చి మళ్లీ విచారించమంది. మే 22న మళ్లీ తీర్పు, ఈసారి 10 కోత. అదే రాత్రి ఎంపోలిలో 4-1తో ఓడారు. నాలుగు నెలలపాటు టేబుల్ ఓపెన్ చేసిన ప్రతివాడూ ‘ఇది ఈ రోజు టేబులా, నిన్నటిదా’ అని చూసుకోవాల్సిన పరిస్థితి. ఇటలీ ఫుట్‌బాల్‌లో ఇదొక ప్రత్యేకమైన జాడ్యం. బంతి ఆగినా ఫైళ్లు కదులుతూనే ఉంటాయి.

నాపోలికి వసంతంలో ఒక గండం వచ్చింది. మిలన్ వచ్చి లీగ్‌లో సొంతగడ్డ మీదే 4-0తో కొట్టి వెళ్లింది. అదే నెల చాంపియన్స్ లీగ్ క్వార్టర్‌ఫైనల్లోనూ ఇంటికి పంపింది. లీగ్‌లో మాత్రం తేడా చాలా ఉండటంతో బతికిపోయారు. ఏప్రిల్ 23న ట్యూరిన్‌లో యువెంటస్ మీద ఇంజురీ టైమ్‌లో రాస్పదోరి కొట్టిన గోల్‌తో 1-0. ఆ రాత్రి టీమ్ తిరిగొచ్చేసరికి రోడ్డు మీద జాతరే జాతర.

పెళ్లి పందిరి వేశాక ముహూర్తం వాయిదా

ఇక లెక్క చూడండి. ఏప్రిల్ 30, ఆదివారం. ఆ రోజు మధ్యాహ్నం ముందు లాజియో ఇంటర్ చేతిలో ఓడాలి, తర్వాత నాపోలి సలెర్నిటానా మీద గెలవాలి. అప్పుడు టైటిల్ ఖాయం. అసలు నాపోలి మ్యాచ్ శనివారం. రెండు రోజులు సంబరాలు విడివిడిగా జరిగితే అదుపు చేయలేమని అధికారులే ఆదివారానికి మార్చారు. ఇంటర్ తన పని చేసింది, 3-1. ఊరంతా నీలం తెలుపు తోరణాలు, ఆటగాళ్ల నిలువెత్తు బొమ్మలు, మెట్ల మీద రంగులు. నాపోలి ఒక గోల్ ముందుంది. 84వ నిమిషంలో సలెర్నిటానా ఆటగాడు బులాయె దియా బంతిని మూలకి కొట్టాడు. 1-1.

ఇప్పుడు తేడా 18 పాయింట్లు, లాజియోకి మిగిలిన మ్యాచ్‌లు 6. ఆరు మూళ్లు పద్దెనిమిది. అంటే కాగితం మీద లాజియో ఇంకా చచ్చిపోలేదు. సలెర్నో నేపుల్స్‌కి కూతవేటు దూరం, పక్కింటోళ్లు. పందిరి వేశాక పక్కింటోడొచ్చి కరెంట్ కట్ చేసినట్టయింది.

ఆ పండగ నాలుగు రోజులు ఆగి మే 4, గురువారం వచ్చింది. ముందురోజు లాజియో గెలిచింది కాబట్టి ఉదినేలో ఒక్క పాయింట్ కావాలి. ఉదినే అంటే ఇటలీకి ఈశాన్యపు కొస, నేపుల్స్‌కి దాదాపు ఇంకో చివర. మన టైమ్ ప్రకారం మ్యాచ్ అర్ధరాత్రి దాటిన పావుగంటకి. అక్కడ నేపుల్స్‌లో మరడోనా స్టేడియంలో పెద్ద స్క్రీన్లు పెడితే, గడ్డి మీద బంతే లేని మ్యాచ్ చూడటానికి స్టాండ్‌లన్నీ నిండిపోయాయి. ఉదినేసె 13వ నిమిషంలోనే గోల్ కొట్టింది. 52వ నిమిషంలో గోల్ ముందు రీబౌండ్ అయిన బంతి ఒసిమెన్ కాళ్ల దగ్గరికొచ్చింది. లాగి కొట్టాడు. 1-1. అంతే, చాలు. ఇంకా 5 మ్యాచ్‌లు మిగిలుండగానే, 33 ఏళ్ల తర్వాత, మరడోనా లేకుండా మొట్టమొదటిసారి నాపోలి చాంపియన్. స్పలెట్టికి అప్పుడు 64 ఏళ్లు. అన్నేళ్ల కోచింగ్‌లో ఇదే తొలి స్కుడెట్టో. స్కుడెట్టో అంటే చిన్న డాలు. గెలిచినవాళ్లు మరుసటి ఏడాదంతా జెర్సీ మీద మూడు రంగుల ఆ చిన్న గుర్తు కుట్టించుకుంటారు.

చివరికి నాపోలి 90 పాయింట్లు, రెండో స్థానంలో లాజియో 74. దీన్ని పోటీ అనడానికి కూడా లేదు.

ఇప్పుడు రెండో ఇల్లు

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. చాలామంది ఆ సీజన్ కథని ఇక్కడే ఆపేస్తారు కూడా. కానీ నాకు ఎక్కువ గుర్తుండిపోయింది బారి.

బారి ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, బూటు ఆకారంలో ఉండే ఇటలీకి మడమ దగ్గర ఉంటుంది. 1990 ప్రపంచకప్ కోసం రెన్జో పియానో అనే పేరున్న ఆర్కిటెక్ట్ కట్టిన సాన్ నికోలా స్టేడియం ఆ ఊరికి గర్వకారణం. పైనుంచి చూస్తే పూరేకులు విచ్చుకున్నట్టు ఉంటుంది. 58 వేలమంది పట్టే పువ్వు. 2018లో క్లబ్ దివాలా తీసి ఏకంగా నాలుగో మెట్టుకి, అంటే ప్రొఫెషనల్ లీగులకే అవతలికి పడిపోయింది. అప్పుడు దాన్ని ఎత్తుకున్నది మళ్లీ దె లారెంటిస్ కుటుంబమే. అవురేలియో కొడుకు లుయీజి ప్రెసిడెంట్ అయ్యాడు. 2019లో సెరీ-సి, 2022లో సెరీ-బి. 2022-23లో ఎవరూ ఊహించని ఆట. మొరాకో తరఫున ప్రపంచకప్ కూడా ఆడొచ్చిన చెద్దీరా 17 గోల్స్ కొట్టాడు. 65 పాయింట్లతో మూడో స్థానం. మొదటి రెండు, ఫ్రొసినోనె, జెనోవా నేరుగా పైకెళ్లాయి. మిగిలిన ఒక్క సీటు ప్లేఆఫ్స్‌లో తేలాలి.

ఇక్కడే అసలు మెలిక. ఇటలీ రూల్ ప్రకారం ఒకే డివిజన్‌లో ఒకే యజమానికి రెండు జట్లు ఉండకూడదు. బారి సెరీ-ఎకి ఎక్కితే రెండింట్లో ఒకదాన్ని అమ్మేయాలి. ఇది ఉత్త మాట కాదు. మన కథలో పందిరి కరెంట్ తీసేసిన సలెర్నిటానాకే 2021లో సరిగ్గా ఇదే జరిగింది. లాజియో ఓనర్ లొటీతోకి అందులోనూ వాటా ఉండేది. సెరీ-ఎకి ఎక్కగానే క్లబ్‌ని ట్రస్టు చేతికి అప్పగించి, ఆ డిసెంబర్ 31 లోపు అమ్మకపోతే లీగ్ నుంచే తీసేస్తామన్నారు. గడువు ముగియబోతుండగా కొన్నవాడు దొరికాడు.

అంటే బారి గెలిస్తే ఓనర్ కుటుంబానికి తలనొప్పి, ఊరికి పండగ. ఇలాంటి చోట అభిమాని మనసులో అనుమానం పురుగు దూరకుండా ఉంటుందా? నా మటుకు నాకు ఆటగాళ్ల మీద వీసమెత్తు అనుమానం లేదు. ఆ రెండు మ్యాచ్‌లూ చూస్తే ఎవరికీ ఉండదు. కానీ గెలిస్తే యజమాని సంతోషిస్తాడో లేదో తెలియని జట్టుకి చప్పట్లు కొట్టాల్సి రావడం, అది మాత్రం ఏ అభిమానికీ రాకూడని పరిస్థితి.

ఫైనల్లో ఎదురుగా కలియారి. కోచ్ క్లాడియో రానియెరి, 71 ఏళ్ల పెద్దాయన. 2016లో లెస్టర్ సిటీని ఇంగ్లండ్ చాంపియన్‌గా నిలబెట్టి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది ఈయనే. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, కుర్ర కోచ్‌గా ఉన్నప్పుడు, ఇదే కలియారిని మూడో మెట్టు నుంచి సెరీ-ఎకి తీసుకెళ్లాడు. ముప్పై ఏళ్లు దాటాక, సీజన్ మధ్యలో జట్టు చతికిలపడితే మళ్లీ పిలిచారు. వచ్చాడు. అయిదో స్థానంలో నిలిపాడు. సెమీస్‌లో పార్మా మీద 0-2తో వెనకబడి 3-2గా తిప్పుకున్నారు.

జూన్ 8న కలియారిలో మొదటి లెగ్. స్టాపేజ్ టైమ్ ఆరో నిమిషంలో బారి వెటరన్ అంతెనూచి పెనాల్టీ కొట్టి 1-1 చేశాడు. అక్కణ్నుంచి లెక్క చాలా తేలిక. సెరీ-బి ప్లేఆఫ్ ఫైనల్ రూల్ ప్రకారం రెండు మ్యాచ్‌లు కలిపి సమానమైతే టేబుల్లో పైనున్న జట్టే గెలిచినట్టు. అదనపు సమయం లేదు, షూటౌట్ లేదు. బారికి ఇంట్లో ఒక్క డ్రా చాలు. 0-0 అయినా పైకే.

జూన్ 11, ఆదివారం రాత్రి. సాన్ నికోలాలో ఒక్క సీటు ఖాళీ లేదు. ఎరుపు తెలుపు సముద్రం. 60 నిమిషాలు, 0-0. 75, 0-0. 90, 0-0. స్టాపేజ్ టైమ్ నడుస్తోంది. కొద్దిసేపటి క్రితమే సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కలియారి స్ట్రైకర్ పావొలెట్టి. వయసు 34. కుడివైపు నుంచి బంతి గోల్ ముందుకొచ్చింది, కాలు చాచాడు. 94వ నిమిషం. 0-1.

వీడియో ఇప్పటికీ ఫోన్లో దొరుకుతుంది. చూసేటప్పుడు గోల్ వదిలేసి స్టాండ్స్ చూడండి. 58 వేలమంది గొంతు ఒక్కసారి ఆగిపోతే ఎలా ఉంటుందో వినపడుతుంది. ఒక మూల మాత్రం దీవి నుంచి వచ్చిన కొద్దిమంది పిచ్చెక్కినట్టు ఎగురుతున్నారు. రానియెరి ఏడ్చేశాడు. ఏడుస్తూనే, బారిని వెక్కిరిస్తూ పాడబోయిన సొంత జట్టువాళ్లని ఆపాడు. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయినవాళ్ల ముందు గంతులేయకూడదని ఆ పెద్దాయనకి తెలుసు.

అదే ఆదివారం రెజియో ఎమీలియాలో ఇంకో ప్రాణాంతకమైన మ్యాచ్ నడిచింది. స్పెజియా, వెరోనా ఇద్దరూ 31 పాయింట్లతో ఆగారు. ఆ సీజన్ నుంచే తెచ్చిన రూల్ ప్రకారం ఒకే మ్యాచ్‌తో తేలాలి. వెరోనా 3-1తో బతికింది, స్పెజియా కిందికి పోయింది. ముందురోజు ఇస్తాంబుల్లో ఇంటర్ చాంపియన్స్ లీగ్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ చేతిలో 1-0తో ఓడింది. అంతకుముందు రోమా యూరోపా ఫైనల్, ఫియొరెంతీనా కాన్ఫరెన్స్ ఫైనల్ పోగొట్టుకున్నాయి. మూడు యూరప్ ఫైనల్స్‌కి మూడు ఇటలీ జట్లు, మూడూ ఓటమే. ఆ రెండు వారాలూ ఇటలీ స్పోర్ట్స్ పేపర్లు అమ్ముకున్నవాళ్లకి మాత్రం మంచి బేరం.

తర్వాత ఏమైంది

అదే వేసవిలో బారి బాగా ఆడినవాళ్లలో చెద్దీరాని ఎవరు కొన్నారో చెప్పుకోండి. నాపోలి! కొని ఫ్రొసినోనెకి అద్దెకిచ్చింది. బారి గోల్‌కీపర్ కప్రీలెని కూడా నాపోలే తీసుకుని ఎంపోలికి పంపింది. మిడ్‌ఫీల్డ్‌లో అదరగొట్టిన ఫొలొరున్షో అసలు నాపోలి ఆటగాడే, బారికి అప్పుగా వచ్చినవాడు. వాణ్ని వెనక్కి పిలిచి వెరోనాకి పంపారు. ఏడాది తిరిగేసరికి ఇటలీ యూరో జట్టులో ఉన్నాడు. అంటే బారిని సెరీ-ఎ గుమ్మం దాకా తెచ్చిన కుర్రాళ్లు ముగ్గురూ సెరీ-ఎకి చేరారు, బారి తప్ప.

లెక్క ప్రకారం ఇందులో తప్పు పట్టడానికేం లేదు. ఆటగాళ్లకి మంచి అవకాశం, క్లబ్‌కి డబ్బు. కానీ బారి అభిమాని జాగాలో కూర్చుని చూడండి. అన్న ఇంట్లో పెళ్లికి తమ్ముడి ఇంట్లో సామాను మోసుకుపోయినట్టు లేదూ?

విచిత్రం ఏంటంటే, అన్న ఇల్లు కూడా ఆ తర్వాత సుఖంగా లేదు. స్పలెట్టి టైటిల్ కొట్టిన నెలకే అలసిపోయానంటూ వెళ్లిపోయాడు. ఆగస్టులో ఇటలీ జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. స్కుడెట్టో గుర్తుని చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. కిమ్ బయెర్న్ వెళ్లాడు. జట్టుని కట్టిన జుంతోలి, ఎక్కడికో కాదు, సాక్షాత్తూ యువెంటస్‌కే వెళ్లాడు. 2023-24లో నాపోలి ముగ్గురు కోచ్‌లని మార్చి పదో స్థానంలో తేలింది. అదే సీజన్ బారి సెరీ-బి అడుగుకి జారి, సెరీ-సికి పడిపోకుండా ఉండటానికి ప్లేఅవుట్ ఆడాల్సొచ్చింది. తెర్నానా మీద ఇంట్లో 1-1, బయట 3-0తో ఎలాగో గట్టెక్కింది.

నాపోలి మళ్లీ లేచింది. ఆంటోనియో కోంటె వచ్చి 2024-25లో 82 పాయింట్లతో, ఇంటర్ కంటే ఒకే ఒక్క పాయింట్ ఎక్కువతో నాలుగో స్కుడెట్టో తెచ్చాడు. అదే ఏడు బారి సెరీ-బిలోనే ఉండిపోయింది, ప్లేఆఫ్స్‌కి కూడా చేరలేదు.

ఒకే కుటుంబం చేతిలో రెండు ప్రొఫెషనల్ జట్లు ఉండటాన్ని ఇటలీ ఫెడరేషన్ అసలే నిషేధించింది. ఇప్పటికే ఉన్నవాళ్లు వదిలించుకోవడానికి మొదట 2024-25 దాకా గడువు పెట్టి, తర్వాత దాన్ని 2028-29కి జరిపింది. అప్పటిదాకా ప్రతి ఆగస్టులోనూ సాన్ నికోలా గేటు దగ్గర టికెట్ తీసుకుంటున్న అభిమాని మనసులో ప్రశ్న ఒకటే. ఈ ఏడు మనం గెలిస్తే, ఓనర్ సంతోషిస్తాడా?